అంకె లేచిన సాయంత్రాలు

మత్తమ్మ ఆ ఇంట్లో చేసిన చివరి మామూలు పని, మొగుడి దొంగనిద్ర పట్టుకోవడం.

తెల్లారేసరికే సన్నగా జల్లు పడుతోంది. డ్యూటీకి బయల్దేరుతూ ఆమె గొడుగు కోసం ఇల్లంతా గాలించింది. తలుపు వెనక లేదు, బీరువా పక్కన లేదు, మంచం కింద పాత చెప్పుల మధ్యా లేదు. మెలకువ వచ్చి కూడా ఆయన దుప్పటి మెడదాకా లాక్కుని కళ్ళు మూసుకునే ఉన్నాడు. గొడుగును బస్టాండుకు తీసుకెళ్ళింది ఆయనే. తిరిగి తీసుకురావడం మరిచిపోయిందీ ఆయనే. ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. అడిగితే ఏం చెప్పాలో తోచక పడుకున్నాడు.

ఆమె మంచం పక్కకు వచ్చి నిలబడింది. అరచేతులు రెండూ రుద్దుకుంది. వెచ్చబడ్డాక, రెండు వేళ్ళు ఆయన నుదుటి మీద ఆనించింది.

"డెబ్బై అయిదు. దొంగనిద్ర. గొడుగేదండీ?"

ఆయన కిక్కురుమనలేదు. ఊపిరి మాత్రం ఇంకాస్త బరువుగా తీశాడు.

"ఇప్పుడు ఎనభై. నుదురు ముడుస్తున్నారు. నుదురు ముడిస్తే అంకె పెరుగుతుందని ఎన్నిసార్లు చెప్పాను? నటించడం కూడా చేతకాదు ఈ మనిషికి. ఉండండి, వచ్చాక తేలుస్తా మీ సంగతి."

నెత్తి మీద ప్లాస్టిక్ సంచి బోర్లించుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయాక ఆయన కళ్ళు తెరిచాడు. గండం గడిచిందనుకుని తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

మధ్యాహ్నం కాకముందే, ఆపరేషన్ థియేటర్ పక్కన బట్టలు మార్చుకునే గదిలో, తలకు టోపీ కట్టుకుంటూ కట్టుకుంటూ ఆమె కూలబడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

*

మత్తమ్మ అనేది అల్లుడు పెట్టిన పేరు. పెళ్ళయిన కొత్తలో అతను, "అందరికీ అత్తమ్మ ఉంటుంది, నాకు మత్తమ్మ ఉంది" అన్నాడు. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. ఆ మాట ఆమే ఆసుపత్రికి మోసుకెళ్ళింది. ఇక అక్కడ స్వీపరు దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవరూ ఆమెను వేరే పేరుతో పిలవలేదు.

నిజానికి మత్తు ఇచ్చేది ఆమె కాదు. దానికి మత్తు డాక్టరు వేరే ఉంటారు. ఆమె టెక్నీషియన్. గొట్టాలు సిద్ధం చేయాలి, గ్యాసు చూసుకోవాలి, మిషన్లు పెట్టాలి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ఈ తేడా ఎంత చెప్పినా బుర్రకెక్కేది కాదు. థియేటర్లో పనిచేస్తానంటే మొదట్లో ఒకావిడ, "అయితే మాకు టిక్కెట్లు దొరుకుతాయా వదినా?" అని అడిగిందట. "దొరుకుతాయి కానీ సినిమా మధ్యలో మీరే నిద్రపోతారు" అని ఈమె జవాబు.

అన్ని మిషన్లలోకీ ఆమెకు ఇష్టమైనది అంకెల పెట్టె. మత్తులో ఉన్న మనిషి ఎంత లోతున ఉన్నాడో చెప్పే మిషను అది. నుదుటి మీద ఒక పట్టీ అంటిస్తారు. మెదడులో పుట్టే సన్నటి కరెంటును ఆ పట్టీ పట్టుకుని పెట్టెకు పంపుతుంది. పెట్టె దాన్ని ఒక అంకెగా మార్చి చూపిస్తుంది. పూర్తి మెలకువలో ఉన్నవాడికి వంద దగ్గర ఉంటుంది. మత్తు ఎక్కేకొద్దీ దిగుతుంది. నలభైకీ అరవైకీ మధ్య ఉంటే కత్తి పెట్టొచ్చు, మనిషికి తెలియదు. అరవై దాటి పైకి వస్తోందంటే ఎక్కడో ఒక చెవి తెరుచుకుంటోందేమోనని చూసుకోవాలి. మరీ కిందికి పోతే లోతు ఎక్కువైందని చూసుకోవాలి.

పట్టీ అంటించడంలో ఆమె పద్ధతి ఆమెది. ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది. స్పిరిట్ దూదితో నుదురు తుడిచి, ఆరేదాకా ఆగి, కనుబొమ్మ పైనుంచి కణత దాకా పట్టీ పరిచి, ఒక్కో గుండ్రటి బిళ్ళనూ వేలితో అదిమి పట్టుకునేది. అదుముతున్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చదివారు, చిన్నప్పుడు ఎవరి చేత దెబ్బలు తిన్నారు. జవాబు మధ్యలోనే వాళ్ళు జారిపోయేవాళ్ళు. అంకె అరవై కిందికి దిగేదాకా ఆమె మాట ఆపేది కాదు.

ఆపరేషన్ అయ్యాక ఇంకో పట్టుదల. "థియేటర్లోంచి మనిషి చల్లగా బయటికొస్తాడు. అయినవాళ్ళు పరిగెత్తుకొచ్చి ముందు పట్టుకునేది చెయ్యే. చల్లటి చెయ్యి అందించారంటే వాళ్ళ గుండె అక్కడే జారిపోతుంది" అని వార్డు సిస్టర్లందరికీ నూరిపోసేది. చెయ్యి వెచ్చబడనిదే అయినవాళ్ళను లోపలికి రానిచ్చేది కాదు.

ఆయనది బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం. గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఆలస్యంగా వస్తుందో మైకులో చెబుతాడు. ఇంట్లోనూ ఆయన గొంతు అలాగే ఉండేది, నిదానంగా, ప్రతి మాటా రెండుసార్లు చెబుతున్నట్టుగా.

"భలే కుదిరాం మనిద్దరం" అనేదామె. "వినేవాళ్ళున్నారో లేదో తెలియకుండా మాట్లాడతారు మీరు. వినకుండా పోయేదాకా మాట్లాడతాను నేను."

అంకె ఇంట్లోకి కూడా వచ్చేసింది. భోజనాలయ్యాక సోఫాలో ఆయన జోగుతుంటే, రెండు వేళ్ళు నుదుటికి ఆనించి, "అరవై. ఇంకొంచెం ఆగితే కత్తి పెట్టొచ్చు" అనేది. పరీక్షల రోజుల్లో కూతురు పుస్తకం ముందు కూర్చుని శూన్యంలోకి చూస్తుంటే, "దీని అంకె నలభై దాటలేదండీ, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి" అనేది. కూతురికి ఒళ్ళు మండేది.

ఆ పెట్టె ఆమెను కూడా ఒకసారి బోల్తా కొట్టించింది. ఒక పెద్దావిడకు పొట్ట ఆపరేషన్. చలి పట్టకుండా పైన వేడిగాలి దుప్పటి పరిచారు. అది కాగితంలాంటి రెండు పొరల దుప్పటి. పక్కనున్న మిషన్లోంచి లావుపాటి పైపు వచ్చి అందులోకి వేడిగాలి ఊదుతుంది. మధ్యలో ఉన్నట్టుండి అంకె గబగబా ఎక్కి డెబ్బై దాటింది. ఈమె పెట్టె మీదికి వంగింది. "డాక్టరుగారూ, పెద్దావిడ లేస్తోంది!" అని కేకేసింది. కోస్తున్న సర్జను చెయ్యి గాల్లో ఆగిపోయింది. మత్తు డాక్టరు నాడి చూసింది, బీపీ చూసింది, రెప్పలెత్తి కళ్ళు చూసింది. తర్వాత వంగి, తలగడ పక్కకు జారిన పైపును కాళ్ళవైపుకు లాగింది. అంకె బుద్ధిగా దిగివచ్చింది. ఊదుతున్న గాలికి పట్టీ అదిరింది, ఆ అదురును పెట్టె మెదడు లెక్కలో వేసేసుకుంది.

"లేచింది పెద్దావిడ కాదమ్మా, గాలి" అంది మత్తు డాక్టరు.

థియేటరంతా ఘొల్లుమంది. ఈ కథ తన మీద తానే ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. ఇంట్లో అదొక సామెతైపోయింది. ఆయన ఎప్పుడైనా గొప్పలకు పోయినా, అల్లుడు ఆవేశపడినా, తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "గాలి లేచిందే" అనుకునేవాళ్ళు.

ఇంకో రోజు భోజనాల దగ్గర ఆమె చెప్పిన మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఐసీయూలో ఎవరో రోగిని కదలిక లేకుండా నెలల తరబడి ఉంచారట. పెరుగు గిన్నె అందుకుంటూ, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అంది.

"నాకలాంటిదేమైనా వస్తే, అంకె లేవకపోతే ఎదురుచూడకండి. పంపించేయండి. లేచిందంటే మాత్రం ఆపకండి, మాట్లాడుతూనే ఉండండి."

"అన్నం దగ్గర ఏం మాటలమ్మా అవి!" అంది కూతురు.

"మీ నాన్నకు చెబుతున్నాలేవే. ఎలాగూ ఆయన సగమే వింటారు. ఏ సగం వింటారోనని నా బెంగ."

*

ఐసీయూలో ఆమె మంచం ఒక మూలకు ఉంది. నోట్లో గొట్టం, ఆ గొట్టానికి అటు చివర ఊపిరి మిషను. తల ఒక పక్క గొరిగేశారు. మొదటి సాయంత్రం తండ్రినీ కూతుర్నీ కలిపి లోపలికి పంపారు. ఆయన చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడ్డాడు.

"ఎంత చల్లగా ఉందే అమ్మ చెయ్యి" అన్నాడు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్న సిస్టరు తలతిప్పి చూసింది.

నుదుటి మీద పట్టీ ఉంది. అసలు ఆ జబ్బులో ఆ పట్టీ అవసరం లేదు. అంటించింది ఆమెతో కలిసి పనిచేసిన ఇంకో టెక్నీషియన్. ఆమెను అక్కా అని, ఈయన్ను బావగారూ అని పిలిచే మనిషి. థియేటర్లోంచి పాత పెట్టె ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. పెద్ద డాక్టరు చూసి, "దీంతో మనకేం పని?" అన్నాడట. మళ్ళీ అతని మొహం చూసి, "సరే, ఉండనీ" అన్నాడట.

"అందరి నుదుళ్ళకూ అంటించిన చెయ్యి బావగారూ" అన్నాడు టెక్నీషియన్ బయట వరండాలో. "మా అక్క నుదురు ఖాళీగా చూడలేకపోయాను."

పెట్టె మీద అంకె ముప్పై ఆరు. మత్తు మందులు ఆపేశారు కాబట్టి పెరగాలని టెక్నీషియన్ చెప్పాడు. పెరగకపోతే ఏమిటని ఈయన అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి ఒక్కొక్కరినే పంపారు. కూతురికి ఆఫీసు సాయంత్రాలు కాబట్టి ఆమె పొద్దున పూట వెళ్ళేది. సాయంత్రం పూట ఆయనది.

రెండో సాయంత్రం ఆయన ఆకుపచ్చ గౌను తొడుక్కుని లోపలికి అడుగుపెట్టేసరికి అంకె యాభై ఎనిమిది. నమ్మలేక కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

"ఏమేవ్" అన్నాడు. "నేనే."

అరవై ఒకటి. అరవై నాలుగు.

ఆయన ఇంకాస్త దగ్గరికి వంగాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. ప్రయాణికులకు విజ్ఞప్తి అంటూ మొదలెట్టి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. చుట్టూ మిషన్ల హోరు. ఆ హోరు మధ్య, బస్టాండులోలాగే నిదానంగా, ప్రతి మాటా రెండుసార్లు. అంకె అరవైల్లోనే ఊగుతూ ఉంది.

టైమైందని సిస్టరు చెప్పింది. ఆయన బయటికి వచ్చి, తలుపుకున్న గాజు పలకలోంచి చూస్తూ నిలబడ్డాడు. సిస్టరు మంచం చుట్టూ తిరిగి ఏవో సర్దుతోంది. కాసేపటికి అంకె దిగడం మొదలైంది. యాభై, నలభై రెండు, ముప్పై ఏడు. తను వెళ్ళిపోయాడని తెలిసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయిందనుకున్నాడు.

ఆ రాత్రే కూతురికి ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్లో ఇద్దరూ ఏడ్చారు.

పొద్దున కూతురు వెళ్ళింది. అమ్మా అంది, అంకె ముప్పై ఆరు. చిన్నప్పటి పాట పాడింది, ముప్పై ఆరు. దెబ్బలాడింది కూడా, పరీక్షల రోజుల్లో నన్నెందుకలా వెక్కిరించావని. ముప్పై అయిదు. చెయ్యి చల్లగా ఉంది.

టెక్నీషియన్ కూడా డ్యూటీకి ముందే వచ్చి చూసిపోయేవాడు. "పొద్దున నేను చూసినప్పుడు నలభై దాటలేదు బావగారూ" అన్నాడు ఒకరోజు అనుమానంగా.

"పొద్దున నేను లేనుగా" అన్నాడాయన. ఆ మాటలో దాచుకోలేని గర్వం ఉంది.

బస్టాండులో ఆయన గొడుగు కోసం వేట మొదలుపెట్టాడు. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో మూడు ట్రంకు పెట్టెలు, జత తప్పిన చంకకర్ర ఒకటి, లెక్కలేనన్ని నీళ్ళ సీసాలు, వాటి వెనక గొడుగుల కట్ట. దాని కాపలాదారు, "ఏ రంగు సారూ?" అన్నాడు. ఆయనకు రంగు గుర్తు రాలేదు. ఒక్కోటీ విప్పి చూసుకుంటూ పోయాడు. పిడి దగ్గర స్పిరిట్ వాసన వేసే తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉన్నది కనిపించింది. విరిగిన పిడికి ఆమే చుట్టిన ప్లాస్టర్.

"ప్రతిరోజూ నేను పోయిన సామాన్ల గురించి అనౌన్స్ చేస్తాను. నా సామాను నాకే తెలియలేదు" అన్నాడు.

"చెవులు మైకుకిచ్చేస్తే అంతే సారూ" అన్నాడు కాపలాదారు.

ఆ సాయంత్రం గొడుగు ఐసీయూ గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆయన లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర వంగి చెప్పాడు.

"గొడుగు దొరికిందే. నేనే మరిచిపోయాను. ఆ రోజు నిద్రపోలేదు నేను. నువ్వు చెప్పిన అంకె సరిగ్గానే ఉంది."

డెబ్బై రెండు. అంత పైకి ఎప్పుడూ రాలేదు. ఆమె నవ్విందని ఆయన అల్లుడికి చెప్పాడు. పెదవులు కదలలేదు, గొట్టం ఉంది కదా, అయినా నవ్విందని చెప్పాడు. అల్లుడు మామగారి భుజం మీద చెయ్యి వేశాడు.

*

పెద్ద డాక్టరు వాళ్ళను పిలిచిన గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు వెలుగుతున్న తెల్ల పలక. దాని మీద తల ఫొటోలు. రక్తం ఎంతమేర పాకిందో వేలితో చూపించాడు. డాక్టరు గొంతులో విసుగు లేదు, ఆశ కూడా లేదు.

"ఊపిరి మిషను ఇస్తోంది. మిగతాది మనం ఇస్తున్నాం. ఆవిడ వైపు నుంచి ఏమీ రావడం లేదు. ఇక మీరు చెప్పాలి."

"సాయంత్రాలు అంకె లేస్తోంది డాక్టరుగారూ."

"ఆ అంకె దీనికోసం పెట్టింది కాదండీ. థియేటర్లో మత్తు చూసుకోవడానికి పెట్టుకునేది. ఇలాంటప్పుడు దాన్ని నమ్మలేం."

"ఆవిడ నమ్మింది" అన్నాడు ఆయన. "అంకె లేవకపోతే పంపించేయమంది. లేస్తే మాట్లాడుతూనే ఉండమంది. అదొక్కటే అడిగింది నన్ను. లేస్తోంది మరి. నేనెలా చెప్పను?"

డాక్టరు కూతురివైపు చూశాడు. ఆమె తలవంచుకుని ఉంది.

"ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు చివరికి.

బయట మెట్ల దగ్గర కూతురు ఇక ఆపుకోలేకపోయింది.

"నువ్వు పిలిస్తే పలుకుతుంది. నేను పిలిస్తే పలకదు. నేనేం చేశాను నాన్నా?"

"పిచ్చిదానా. పొద్దున పూట అలసిపోయి ఉంటుందేమో."

"మంచం మీదున్న మనిషికి అలసటేంటి? ఒక్క సాయంత్రం నన్ను వెళ్ళనీ. ఒక్కటంటే ఒక్కటి. సెలవు పెడతాను. నా మాటకు లేస్తుందో లేదో చూస్తాను."

ఆయన వెంటనే సరే అనలేకపోయాడు. ఎవరో నోట్లోంచి ముద్ద లాక్కుంటున్నట్టు అనిపించింది. ఒక సాయంత్రం తను రాకపోతే ఆమె ఎదురుచూస్తుందని, చూసి చూసి మళ్ళీ లేవదేమోనని భయం. కూతురి మొహం చూశాక మాత్రం కాదనలేకపోయాడు.

"ఎల్లుండి వెళ్ళు. రేపొక్కరోజు చెప్పి వస్తాను, ఎల్లుండి నువ్వొస్తావని."

మర్నాడు సాయంత్రం వెళ్ళి చెప్పాడు. "రేపు అమ్మాయి వస్తుంది. దానికి కూడా ఇలాగే లేవాలి నువ్వు. నా పరువు తీయకు." అరవై ఆరు. ఆయనకు ధైర్యం వచ్చింది.

తెల్లవారుతుండగా ఆమె గుండె ఆగిపోయింది. ఫోన్ వచ్చేసరికి కూతురు సాయంత్రానికని చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద పరిచి ఉంచుకుంది. అమ్మకు నచ్చిన చీర. కళ్ళు తెరిస్తే చూస్తుందని.

తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఆ సాయంత్రం గురించి మాట రాలేదు. కూతురు ఆదివారాలు వచ్చేది. వంటింట్లో డబ్బాలు సర్దేది, ఆయన చొక్కాలకు బొత్తాలు కుట్టేది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒక్క క్షణం ఆగేది. ఒకసారి మాత్రం అంది, అటు తిరిగి చెప్పులు వేసుకుంటూ.

"నీకైనా పలికింది. అంతే చాలులే నాన్నా."

చాలదని ఆ గొంతులోనే తెలుస్తోంది.

*

మళ్ళీ వానలు పట్టాయి. అనౌన్సరు గదిలో మేకుకు గొడుగు వేలాడుతోంది. పిడికి తెల్ల ప్లాస్టర్ మాసిపోయి బూడిద రంగుకు వచ్చింది.

గాజు కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు. తడిసిన చున్నీ నెత్తి మీద కప్పుకున్న ఒకామె, ఏదో బస్సు గురించి అడగబోయి ఆగిపోయింది.

"బాబాయిగారూ! మీరేనా? గొంతు విని ఎక్కడో విన్నాననుకున్నాను. ఐసీయూ సిస్టర్ని. సాయంత్రాలు మత్తమ్మ గారిని చూసుకున్నది నేనే."

ఆయన లోపలికి రమ్మన్నాడు. ఉన్న ఒక్క స్టూలూ ఆమెకు ఇచ్చి తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బస్సు రావడానికి ఇంకా టైముంది. ఆమె చున్నీ కొసలు పిండుకుంటూ మత్తమ్మ గురించి చెప్పుకుంటూ పోయింది. కొత్తలో తనకు చేయి తిరగనప్పుడు ఎలా నవ్వించేదో, డాక్టర్లు కసిరితే ఎలా వెనకేసుకొచ్చేదో.

"మీరు రోజూ వచ్చి బస్సుల పేర్లు చెప్పేవాళ్ళు కదా, మేమందరం వినేవాళ్ళం బాబాయిగారూ. పక్క బెడ్డు తాతగారైతే, నా బస్సు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగేవాడు."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత.

"నీ చేతి చలవే తల్లీ. చివరిదాకా బాగా చూసుకున్నావు."

"నేను చేసిందేముంది? ఆవిడ నేర్పిందే చేశాను. మొదటి రోజు మీరు, ఎంత చల్లగా ఉందే చెయ్యి అన్నారు చూడండి, నాకు మనసు చివుక్కుమంది. ఈ మనిషి చెయ్యి చల్లగా అందించడమా అని. రెండో రోజు నుంచీ మీరు వచ్చేముందు వేడిగాలి దుప్పటి పెట్టేదాన్ని. మీరు బయటికెళ్ళగానే తీసేసేదాన్ని. పెద్ద డాక్టరు చూస్తే, ఎవరు పెట్టమన్నారని కేకలేస్తాడని, పైన మామూలు దుప్పటి కప్పేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు."

బయట ఏదో బస్సు హారను కొట్టింది.

"పొద్దున పూట పెట్టేదానివి కాదా?"

"పొద్దున డ్యూటీ నాది కాదు కదా బాబాయిగారూ."

"పైపు ఎటు పెట్టేదానివి?"

"అదా? అసలు కాళ్ళవైపు పెట్టాలి. ఆ మంచానికి కుదరలేదు." ఎందుకు కుదరలేదో కూడా చెప్పింది. చెబుతూనే కిటికీలోంచి తన బస్సు చూసి లేచింది. "వస్తాను బాబాయిగారూ, ఒంట్లో జాగ్రత్త" అంటూ వానలోకి పరిగెత్తింది. ఆయన మేకు మీది గొడుగు తీసి వెనకాలే చెయ్యి చాచాడు కానీ అప్పటికే ఆమె బస్సు మెట్టెక్కేసింది.

ఆయన మైకు ముందు కూర్చుని ఆ బస్సు బయల్దేరుతోందని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. గొంతులో ఏ తేడా లేదు. తర్వాత మైకు ఆపేసి, ఆపేశానో లేదో మళ్ళీ చూసుకుని, కూతురికి ఫోన్ చేశాడు.

"ఏంటి నాన్నా, డ్యూటీలో ఉన్నావుగా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నీకొకటి చెప్పాలి. అమ్మ నాకూ పలకలేదే."

"అదేంటి?"

"సాయంత్రాలు లేచింది అమ్మ కాదు." గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు. "గాలి."

ఆ కథ కూతురికీ తెలుసు, చిన్నప్పటి నుంచీ విన్నదే. ఫోన్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది, ముందు ఆగి ఆగి, తర్వాత గట్టిగా.

"ఎవరు చెప్పారు నాన్నా?"

"సిస్టరు కనిపించింది. చేతులు వెచ్చగా ఉండాలని పెట్టిందట, పాపం. అమ్మ నేర్పిన పనే." ఆయన గొడుగు పిడికున్న ప్లాస్టర్ కొసను గోటితో అంటించుకుంటూ అన్నాడు. "ఆ మంచానికి కరెంటు ప్లగ్గు తలవైపే ఉండేదట."